నా అంగట్లో నేను కూర్చున్నందుకు

మా జమ్మలమడుగు బజారులో జీపు వస్తే లేచి నిలబడాలి. ప్రతి జీపుకూ కాదు. పెద్దాయన జీపుకు, అవతలాయన జీపుకు. వాళ్ళ పేర్లు బజారులో ఎవరూ పలకరు. పెద్దాయన అంటే ఒక పార్టీ, అవతలాయన అంటే ఇంకో పార్టీ, అంతే. లేవమని ఎవరూ బోర్డు రాసి పెట్టలేదు, దండోరా వేయించలేదు. అయినా హారన్ వినబడగానే బట్టల అంగడి, కిరాణా అంగడి, సైకిలు షాపు అన్నీ ఒక్కసారిగా లేస్తాయి. జీపు దాటిపోయాక కూర్చుంటాయి.

నాది గోనెసంచుల వ్యాపారం. పేరు ఇనాయతుల్లా. పాత సంచులు కొని, దులిపించి, చినిగినచోట దబ్బనంతో కుట్టించి, కట్టలు కట్టి అమ్ముతాను. పెద్దముడియం శనగలు, చక్రాయపేట శెనక్కాయలు, చెన్నూరు వైపు వడ్లు, అన్నీ నా సంచులు చూసినవే. సంచికి పార్టీ లేదు. పెద్దాయన చేలో పండిందీ, అవతలాయన చేలో పండిందీ నా సంచుల్లోనే లారీ ఎక్కేది. ఎవరి గుమాస్తా వచ్చినా ఒకటే ధర చెప్పేవాణ్ణి, ఒకే రకం టీ తెప్పించేవాణ్ణి. ఇద్దరి జీపులకూ ఒకే వేగంతో లేచేవాణ్ణి. నా రాజకీయం అంతవరకే. లేవడానికి ఖర్చు లేదు, కూర్చుంటే ఖర్చు ఉంది. పైగా నా సరుకు గోనె. అది తగలబడడానికి బాంబులు అక్కరలేదు, ఒక్క అగ్గిపుల్ల చాలు. ఈ మాత్రం లెక్క తెలియనివాడు ఈ ఊళ్ళో అంగడి తెరవకూడదు.

పంచాయతీ ఎన్నికలు వచ్చిన ఆ తొంభై అయిదు ఎండాకాలంలో నా లెక్క తలకిందులైంది. లేవడానికి కూడా ఖర్చు మొదలైంది.

ముందు మసీదులో బయటపడింది. తెల్లవారి నమాజులో నుదురు నేలకు ఆనించే సజ్దా నుంచి లేచి నిలబడగానే కళ్ళ ముందు నల్లటి తెర దిగింది. చెవుల్లో ఒకటే రొద. కాళ్ళ కింద చాపను ఎవరో లాగుతున్నట్టనిపించింది. పక్కన ఉన్న అబ్దుల్ సలాం మీద పడ్డాను. అతను మా బజారులోనే ట్రంకుపెట్టెలు చేస్తాడు, గట్టి మనిషి కాబట్టి ఆపగలిగాడు. నమాజు అయ్యాక, ముందుండి చదివించే పేష్ ఇమాం గారు వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"నిలబడలేనోళ్ళు కూచొని చదవొచ్చు భాయ్. కూచోలేనోళ్ళు పండుకొని చదవొచ్చు. దీంట్లో సిగ్గుపడేది ఏం లేదు" అన్నారు.

మరుసటి రోజు నుంచి వెనక వరుసలో గోడ పక్కన కూర్చొని చదివాను. నువ్వు ఏ పార్టీ అని అక్కడ ఎవరూ అడగలేదు.

ఇంట్లో మాత్రం నా భార్య అఖ్తర్ బీ ఊరుకోలేదు. "నువ్వు పడితే లేపేంత బలం నాకు లేదు. ప్రొద్దుటూరు పొయ్యి చూపించుకో. సంచి చినిగితే ఆ పొద్దే కుట్టిస్తావు కదా, ఒంటికి మాత్రం వాయిదాలా?" అంది. పోయాను.

ప్రొద్దుటూరు డాక్టరు కోస్తా నుంచి వచ్చినాయన. నన్ను పడుకోబెట్టి బీపీ చూశారు. లేపి నిలబెట్టి మళ్ళీ చూశారు. నేను బల్ల అంచు పట్టుకొని ఊగుతుంటే తల పంకించారు.

"లేచి నిలబడేసరికి మీకు బీపీ పడిపోతోందండి. రక్తం కాళ్ళలోకి దిగిపోతోంది, తలకు అందడం ఆలస్యమవుతోంది. మీరు వేసుకుంటున్న బీపీ మాత్ర కూడా మీకు ఎక్కువే, తగ్గిస్తాను. మంచినీళ్ళు బాగా తాగండి. లేచే ముందు కూర్చున్నచోటే పాదాలు ఆడించండి, పిక్కలు బిగించండి. తరవాత ఏదైనా పట్టుకొని నెమ్మదిగా లేవండి. కళ్ళు తిరిగితే అక్కడే కూర్చోండి. గబుక్కున మాత్రం లేవొద్దు."

"గబుక్కున లేవాల్సి వస్తే సార్?"

"మీరేం చేస్తుంటారు?"

"గోనెసంచుల అంగడి."

"కూర్చొని చేసే వ్యాపారమేగా. ఎవరి కోసం గబుక్కున లేవాలి?"

ఆయనకు ఏమని చెప్పేది. సరేనని వచ్చేశాను. బస్సులో కూర్చొని ఆలోచించాను. డాక్టరు చెప్పిన పద్ధతిలో నేను పాదాలు ఆడించి, పిక్కలు బిగించి, గుంజ పట్టుకొని లేచేలోపల జీపు నా అంగడి దాటి మసీదు మలుపు తిరుగుతుంది. ఆగకుండా పోతే ఎవరూ గమనించరు. జీపులు మా బజారులో ఆగవు. ఆ ధైర్యంతో ఇంటికి చేరాను.

నా ఖర్మ కొద్దీ ఆ వారంలోనే శనగల లారీ ఒకటి వెనక్కి తిరగబోయి బజారుకు అడ్డంగా నిలబడిపోయింది. దాని వెనక పెద్దాయన జీపు వచ్చి సరిగ్గా నా అంగడి ముందు ఆగింది. బజారంతా లేచింది. మా పక్క సైకిలు షాపు యోహాను పంక్చరు వేస్తున్న ట్యూబు చేతిలో పట్టుకొనే లేచాడు. నేను అంగట్లో పరుచుకున్న మెత్త మీద కూర్చొని, డాక్టరు చెప్పినట్టు పాదాలు ఆడిస్తున్నాను.

పెద్దాయన తల తిప్పి చూశారు. నిలబడిన బజారు మధ్యలో కాళ్ళు ఆడిస్తూ కూర్చున్న సాయిబు ఒక్కడు. తొందరగా లేద్దామని గుంజ పట్టుకున్నాను. సగం లేచేసరికి తెర దిగింది. దబ్బుమని మళ్ళీ మెత్త మీదే పడ్డాను. చూసేవాళ్ళకు అది ఎట్లా కనిపించి ఉంటుందో తరవాత అర్థమైంది. లేవబోయి, ఎందుకు లేవాలిలే అనుకొని కూర్చున్నట్టు. లారీ తప్పుకుంది. జీపు పోయింది.

"ఏంది మామా, ఆయన చూస్తాంటే కాళ్ళాడిస్తాండావు?" అన్నాడు యోహాను.

"డాక్టరు ఆడించమన్నాడు రా."

"ఏ డాక్టరు? అవతలాయన డాక్టరా?"

ఇద్దరం నవ్వుకున్నాం. మా నవ్వు మరుసటి రోజు పొద్దున వరకే నిలిచింది.

పొద్దున సింహులు వచ్చాడు. సింహులు పెద్దాయన వెంట తిరిగే మనిషి. బజారులో ఎవరికి ఏం చెప్పాలన్నా అతనే వస్తాడు. అరుగు మీద కూర్చొని నా కాళ్ళ వైపు చూశాడు.

"సాయిబూ, కాళ్ళు బాగుండాయా?"

"కాళ్ళకేం కాలేదప్పా. కండ్లు తిరిగినాయి. లేద్దామనే చూసినా."

"తిరుగుతాయిలే. ఎన్నికలొస్తే ఈ ఊర్లో శానా మందికి తిరుగుతాయి."

"ప్రొద్దుటూరులో చూపించుకున్యా. మాత్రలు సూడు." జేబులోంచి తీసి చూపించాను.

సింహులు మాత్రల వైపు చూడలేదు. "మాత్రలు మా ఇంట్లో కూడా ఉండాయి. నీతో వాదం పెట్టుకునేదానికి రాలా. ఎందుకు లేయలేదో కనుక్కొని రమ్మన్నాడు. కనుక్కున్యా. పోతా."

ఆ రోజు నుంచి పెద్దాయన గుమాస్తాలు నా అంగడికి రావడం మానేశారు. శనగల లారీలకు సంచులు ఎక్కడినుంచో తెచ్చుకున్నారు.

దీనికే నాకు కడుపు మండుతుంటే, ఇంకోటి జరిగింది. ఒక సాయంత్రం అవతలాయన మనుషులు డప్పుతో వచ్చారు. ముందు నడిచేది ఓబన్న, ఆ పార్టీలో అతని మాటే మాట. నేను ఏందని అడిగేలోపల నా మెడలో బంతిపూల దండ పడింది.

"ఈ బజార్లో ఉండే మగోడివి నువ్వొక్కడివే మామా" అన్నాడు ఓబన్న.

"నాయనా, నాకు కండ్లు తిరిగినాయి. అంతే. దండ తియ్యి."

"అట్లనే చెప్పు. ఎవరడిగినా అట్లనే చెప్పు. మాకు తెలుసులే."

"తెలిసేదానికి ఏం లేదు ఓబన్నా. అది జబ్బు."

"ఆ జబ్బు ఈ ఊరికంతా రావాల్ల." వెంట వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. "ఓట్ల పొద్దు మా తరపున ఏజెంటుగా కూచోవల్ల నువ్వు. కూచునేది నీకు బాగా వచ్చు కదా."

దండ తీసి చేతిలో పెట్టబోయాను. వాళ్ళు అప్పటికే డప్పు కొట్టుకుంటూ ముందుకు పోయారు. బజారంతా నా మెడవైపు చూసింది. సలాం తన ట్రంకుపెట్టెలు లోపలికి సర్దుకున్నాడు.

నా ఒంట్లో రక్తం కాళ్ళలోకి దిగింది. దాన్ని ఒకడు ద్రోహం అన్నాడు, ఒకడు పౌరుషం అన్నాడు. రక్తం అని ఎవడూ అనలేదు. రోడ్డు మీద పడిన రక్తం ఏ పార్టీదో చెప్పగలవాళ్ళు ఈ ఊరినిండా ఉన్నారు. మనిషి ఒంట్లో ఉన్న రక్తం గురించి చెబితే మాత్రం వినేవాడు లేడు. ఇన్నేళ్ళు నేను ఎవరి జోలికీ పోకుండా, ఎవరి మాటా ఇంకొకరికి మోయకుండా నిలబెట్టుకున్న అంగడి ఇది. ఒక్క తలతిరుగుడుకు నాకు చెప్పకుండానే నన్ను ఒక పార్టీలో చేర్చేశారు.

ఆ రాత్రి అఖ్తర్ బీ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. "దండ యాడ పెట్టినావు?"

"మేకకేసినా."

"వాళ్ళు చూసినారా?"

"చూడలా."

"చూసింటే మేకకు కూడా పార్టీ అంటగడుదురు. పోయిన ఎన్నికల్లో టైర్ల అంగడి ఎట్ల కాలిందో మర్చిపోయినావా? మనది గోనె. నాకు పార్టీలొద్దు, మగతనమొద్దు. పొద్దున తెరిచిన అంగడి సాయంత్రం మూసేదానికి ఉంటే చాలు."

నేను కోరుకునేదీ అంతే. కానీ ఎట్లా? లేస్తే పడతాను. లేవకపోతే కాలుతుంది.

దారి పులివెందులలో దొరికింది. అక్కడ రహమాన్ అని పాత సంచులు పోగుచేసి నాకు అమ్మే మనిషి ఉన్నాడు. సంచులు చూద్దామని పోతే, నేను బస్సు దిగి నీళ్ళు తాగకముందే అడిగాడు.

"పార్టీలో చేరినావంటనే? చెప్పనే లేదే భాయ్."

"ఎవరు చెప్పినారు?"

"ఎవరు చెప్పాల? డ్రైవర్లు చెప్పుకుంటాండారు. జమ్మలమడుగు గోనెసంచుల సాయిబు పెద్దాయన ముందర కాలు మీద కాలేసినాడంట."

కాళ్ళు ఆడించింది పులివెందుల చేరేసరికి కాలు మీద కాలు అయింది. నేను ఇంకో నాలుగు రోజులు ఊరుకుంటే ఆ కాలు ఆయన మీదే వేశానంటారు. కోపంతో రహమాన్ ఇచ్చిన టీ కూడా తాగబుద్ధి కాలేదు.

అప్పుడే ఎవరిదో పార్టీ ఊరేగింపు ఆ వీధిలోకి వచ్చింది. కూర్చున్నవాళ్ళంతా లేచారు. రహమాన్ లేచాడు. నేను గుంజ వెనక్కి జరిగి దాక్కున్నాను. ఎదురుగా ఇస్త్రీ బండి దగ్గర ఒకాయన చొక్కా మడత పెడుతున్నాడు. తల ఎత్తలేదు, దండం పెట్టలేదు. ఎవరూ అతన్ని పట్టించుకోలేదు. ఎందుకంటే అతను ముందునుంచీ నిలబడే ఉన్నాడు.

నాకు వెంటనే తట్టింది. లేవనివాడే దొరికిపోయేది. లేచే ఉన్నవాణ్ణి ఎవరేం అడుగుతారు? ఇస్త్రీ ఆయనకు పార్టీ లేదు, పూరీలు కాల్చేవాడికి లేదు, రంపం పట్టినవాడికి లేదు. కూర్చొని సంపాదించేవాళ్ళకే ఈ తిప్పలన్నీ.

ఊరికి వచ్చి వడ్రంగి నతానియేలును పిలిపించాను. మెత్త తీయించి, నా నడుము ఎత్తున బల్ల చేయించాను. బజారు మేలుకోకముందే పోయి, అరుగు మీద కూర్చొని పాదాలు ఆడించి, చెంబెడు నీళ్ళు తాగి, బల్ల పట్టుకొని మెల్లగా లేచేవాణ్ణి. ఇక సాయంత్రం అంగడి మూసేదాకా నిలబడే బేరాలు. కదలకుండా ఉంటే కళ్ళు తిరుగుతాయి కాబట్టి ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మారుతూ ఉండేవాణ్ణి.

"గుర్రం మాదిరి అయిపోయినావు మామా. దాణా వేసేదా?" అన్నాడు యోహాను.

"నవ్వు రా. నీకేం."

సాయంత్రానికి పాదాలు బూరెల్లా ఉబ్బేవి. అఖ్తర్ బీ ఉప్పు వేసిన వేడినీళ్ళు తెచ్చి పెట్టేది. కానీ పని జరిగింది. పెద్దాయన జీపు పోయింది, నేను నిలబడి ఉన్నాను. అవతలాయన జీపు పోయింది, నిలబడే ఉన్నాను. ఓబన్న ఒకసారి బండి ఆపి, "ఏంది మామా, నిలబడినావు?" అని అనుమానంగా అడిగితే, "బల్ల ఎత్తుగా ఉండాది నాయనా" అన్నాను. బల్ల వైపు చూసి వెళ్ళిపోయాడు. పెద్దాయన గుమాస్తా ఒకడు మళ్ళీ వచ్చి సంచుల ధర అడిగాడు. గట్టెక్కాననుకున్నాను.

ప్రచారం ఇక ముగుస్తుందనగా సింహులు వచ్చాడు. ఈసారి చేతిలో టెంటు హౌసు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఉంది. దాన్ని తెచ్చి నా బల్ల పక్కన వేశాడు.

"ఇదేందప్పా?"

"నీకే."

"నాకెందుకు?"

"సాయిబూ, నువ్వు తెలివైనోడివి. ఆ సంగతి పెద్దాయనకు కూడా తెలిసింది." సింహులు బల్ల మీద చెయ్యి వేసి తట్టాడు. "నువ్వు నిలబడుండావు. సరే. లేచింది యాడ? ఆయనొచ్చినా నిలబడే ఉంటివి, అవతలాయనొచ్చినా నిలబడే ఉంటివి, ఎనుమొచ్చినా నిలబడే ఉంటివి. ఎనుముకూ ఆయనకూ తేడా ఉండొద్దా?"

"ఏం చెయ్యమంటావు?"

"రేపు ఊరేగింపు ఉండాది. ముందర మోపెడు మీద మనిషొచ్చి చెప్తాడు. అప్పుడు కూచో. జీపు కనపడతానే లెయ్. బజారు చూడాల్ల నువ్వు లేచింది."

నేను విన్నది సరిగ్గానే విన్నానా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. నిలబడి ఉన్న ముసలివాణ్ణి కూర్చోబెట్టి మళ్ళీ లేపే మర్యాద నేను ఈ జిల్లాలో ఎక్కడా చూడలేదు.

"సింహులూ, మసీదులో కూచొని నమాజు చదువుతాండా. అంత గట్టి దేవుడే నన్ను కూచోమన్నాడు. నువ్వు లేయమంటాండావు."

"దేవునికి ఎన్నికలు లేవు సాయిబూ" అన్నాడు సింహులు. నవ్వకుండా అన్నాడు. కుర్చీ అక్కడే వదిలేసి పోయాడు.

ఆ రోజంతా ఆ కుర్చీని తన్నాలనిపించింది. తన్నడానికి ఒక కాలు ఎత్తితే రెండోది నన్ను మోయలేదని ఊరుకున్నాను. రైతు ఒకాయన సంచులకు వచ్చి దాంట్లో కూర్చోబోతే, "అది పార్టీ కుర్చీ, కూచోవద్దు" అన్నాను. ఆయన ఉలిక్కిపడి పక్కకు జరిగాడు.

మరుసటి రోజు ఎండ ఎక్కాక మోపెడు మనిషి వచ్చాడు. "కూచో సాయిబూ, వస్తాండాడు" అని చెప్పి అవతలి వీధికి పోయాడు. వెనకే సింహులు వచ్చి నా అంగడి మెట్ల దగ్గర నిలబడ్డాడు. డప్పులు వినిపించాయి. యోహాను చేతులు తుడుచుకుంటూ లేచాడు. సలాం లేచాడు. బజారు అటూ ఇటూ లేస్తూ వచ్చింది.

నేను కూర్చున్నాను.

కూర్చోగానే పాదాల్లో నొప్పి కొంచెం దిగింది. ఇన్ని రోజులుగా నా ఒళ్ళు అడుగుతున్నది ఇదే కదా అనిపించింది. మనిషి ఒంటికి కావలసింది ఇవ్వకుండా, ఎవడి కంటికో కావలసింది ఇస్తూ ఇంత కాలం ఏం వ్యాపారం చేస్తున్నాను? ఒక బేరంలో రెండోవాడు ఏమీ ఇవ్వకుండా ఊరికే తీసుకుంటూ పోతే దాన్ని బేరం అనరు.

జీపు వచ్చింది. సింహులు చెయ్యి ఊపితే నా ముందు ఆగింది. పెద్దాయన ముందు సీట్లో ఉన్నారు. తెల్లటి చొక్కా, మెడలో దండలు, ఎండకు అలసిన ముఖం.

"లెయ్" అన్నాడు సింహులు గొంతు తగ్గించి.

నేను సింహులుతో మాట్లాడలేదు. పెద్దాయన వైపు తిరిగి మాట్లాడాను.

"అయ్యా, నేను లేస్తే పడతా. నాకు కండ్లు తిరిగే జబ్బు. మొన్న కూడా దానికే లేయలా. మీవాళ్ళకు చెప్తే నమ్మలా."

"సాయిబూ..." అని సింహులు అడ్డం రాబోయాడు. పెద్దాయన చెయ్యెత్తి ఆపారు.

"ఇప్పుడు లేస్తే ఈ బల్ల అంచుకు తల తగిలి పడతా. తల పగులుతాది. రక్తం కారతాది. మీ జీపు నా అంగడి ముందర ఉండాది, మీ మనిషి నా మెట్ల మీద ఉండాడు. సాయిబును పెద్దాయన మనుషులు తలకాయ పగలగొట్టినారని సాయంత్రానికి పెద్దముడియం దాకా పోతాది మాట. కండ్లు తిరిగి పడినాడని మీరు ఊరంతా తిరిగి చెప్పుకోవల్ల. నేను చెప్తే మీరు నమ్మలా. మీరు చెప్తే ఊరు నమ్ముతాదో లేదో చూసుకోండి. ఎల్లుండి ఓట్లు." ఊపిరి తీసుకున్నాను. "లేయమంటే లేస్తా. మీ ఇష్టం."

డప్పులు ఆగిపోయాయి. పెద్దాయన నన్ను చూశారు, బల్ల అంచు చూశారు, బజారులో నిలబడిన ముఖాలు చూశారు. ఆయన కూడా లెక్క వేసే మనిషే. మా ఇద్దరికీ ఆ ఒక్క విద్య సమానం.

"పెద్దమనిషిని లేపేది ఎవుర్రా?" అన్నారు గట్టిగా, బజారంతా వినేటట్టు. "కూచోనీ. నేను చెప్తాండా, ఆయనను కూచోనీ."

వెంట ఉన్నవాళ్ళు జేజేలు కొట్టారు. జీపు కదిలింది. సింహులు నా వైపు ఒక చూపు చూసి వెనక పరుగెత్తాడు.

ఆ జేజేలకు నా ఒళ్ళు భగ్గుమంది. లేపింది వాళ్ళే, కూర్చోబెట్టిందీ వాళ్ళే, జేజేలూ వాళ్ళకే. నా అంగట్లో నేను కూర్చోవడం పెద్దాయన దయ అయిపోయింది. సలాం వచ్చి, "బతికినావు భాయ్, ఆయన ఒప్పుకున్యాడు" అన్నాడు. ఆయన ఒప్పుకునేదేమిటి?

ఆ సాయంత్రమే అవతలాయన జీపు వచ్చింది. బజారు లేచింది. నా వైపు చూసింది. పెద్దాయన అనుమతి పెద్దాయనకే చెల్లుతుంది, అవతలాయనకు చెల్లదు. ఆ సంగతి నాకు తెలుసు. నేను కూర్చునే ఉన్నాను, అదీ పాత మెత్త తెచ్చి వేసుకొని. ప్లాస్టిక్ కుర్చీ రోడ్డు మీద పెట్టించాను.

ఓబన్న జీపులోంచి దిగివచ్చాడు. "ఏంది మామా, మా ఆయనకు లేయవా? దండ వేస్తిమే."

"అడగకుండా వేస్తిరి."

"పొద్దున పెద్దాయన కూచోమన్నాడంట. అయితే ఆ పక్క చేరినావు."

"పొద్దున ఆయనకు లేయలా. ఇప్పుడు మీకు లేయలా. ఇంక ఏ పక్కో నువ్వే చెప్పు ఓబన్నా."

 ఓబన్నకు తెలిసినవి రెండే పక్కలు. "బాగుండదు మామా" అన్నాడు.

"ఏది బాగుండదు? నా అంగడి కాలితే ఇద్దరి పేర్లూ చెప్తా. నాకు ఇద్దరూ సమానమే."

ఎన్నికలు అయ్యాయి. ఎవరు గెలిచారో చెప్పను, నాకు దానితో పని లేదు. అంగడి కాలలేదు. కాలిస్తే రెండోవాడికి ఉపయోగమని ఇద్దరూ అనుకొని ఉంటారు. ఇద్దరి గుమాస్తాలూ రావడం మానేశారు. లారీ బేరాలు పోయాయి. ఇప్పుడు వచ్చేది చిన్న రైతులు, ఎడ్లబండి మీద నాలుగు సంచులు వేసుకొని పోయేవాళ్ళు. అఖ్తర్ బీ కొత్త బట్టల మాట ఎత్తడం లేదు, అంగడి మూసి వచ్చే వేళకు వీధిలోకి వచ్చి చూడడం మాత్రం మానలేదు. నష్టం నష్టమే, కాదనను. ఊరికే లేచి నిలబడిన రోజుల్లో నాకు మిగిలిందేమిటో కూడా ఈ నష్టం పక్కన పెట్టి పోల్చి చూసుకున్నాను కాబట్టి తట్టుకోగలుగుతున్నాను.

కోపం మాత్రం దిగలేదు. నిన్న మళ్ళీ హారన్ వినిపించింది. యోహాను పైకెత్తి పట్టుకున్న సైకిలును వదిలేసి లేచాడు. సైకిలు అతని పాదం మీద పడింది. వేలు నలిగినా ముఖం చెదరకుండా, చేతులు జోడించి, జీపు దాటేవరకూ అట్లాగే నిలబడ్డాడు. పోయాక పాదం పట్టుకొని కూలబడ్డాడు.

"యోహానూ, నాకంటే జబ్బు. దానికి పేరుండాది, మాత్రలుండాయి. నీకేం జబ్బు రా, అంత గబుక్కున లేస్తాండావు?" అని అడిగాను.

ఎప్పుడూ ఏదో ఒకటి అనేవాడు.  నిన్న పాదం రెండు చేతులతో పట్టుకొని, జీపు పోయిన వైపు చాలాసేపు చూశాడు.